మన్సబ్ ఎవరిది, ఖిద్మత్ ఎవరిది?

మా మామూ ఫౌజీ. అబ్బా ఉర్దూ స్కూల్ మాస్టరు. ఈద్ రోజు దస్తర్‌ఖాన్ దగ్గర ఇద్దరూ కూర్చుంటే షీర్ ఖుర్మా చల్లారేదాకా ఒకటే బహస్. "నేను బార్డర్‌లో నిలబడ్డాను దుల్హేభాయ్, నాకివ్వకపోతే ఎవరికిస్తారు?" అని మామూ. "ముప్పై ఏళ్లు పిల్లలకి అలిఫ్ బే నేర్పాను మియా, అది ఖిద్మత్ కాదా?" అని అబ్బా. చిన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి. పత్రిక పని మీద అరకు, చింతపల్లి కొండల్లో తిరగడం మొదలయ్యాక నవ్వు తగ్గింది.

మన్యం చరిత్ర చదువుతుంటే మన జబాన్‌లోని మాటలు ఎదురై ఆశ్చర్యపోతాం. రంప కొండల్ని ఏలిన జమీందారుకి సర్కారీ రికార్డుల్లో పేరు 'మన్సబ్‌దారు'. ఎక్కడి అక్బర్ దర్బారు, ఎక్కడి రంప! మన్సబ్ అంటే అసలు నౌకరీ హోదా. ఇంతమంది సవార్లను తెచ్చి బాద్షా కోసం నిలబెడితే ఇంత జీతమో, జాగీరో. కొడుక్కి దానంతటదే దక్కేది కాదు. రంపకి వచ్చేసరికి సవార్లూ లేరు, జంగూ లేదు. ఇనాం ఒక్కటే మిగిలింది. ఆ మన్సబ్‌దారు కల్లు మీద కూడా పన్ను గుంజడంతో 1879లో కొండజనం తిరగబడ్డారు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు అతణ్ణి తప్పించి ముఠాదార్లకి నేరుగా సనద్‌లిచ్చారు. శిస్తు వసూలు చేయాలి, ముఠాలో అమన్ చూడాలి, పోలీసులకి మదద్ చేయాలి. ముఠాదారీ కూడా చివరికి 1969 రెగ్యులేషన్‌తో రద్దయింది.

ఇప్పుడు ఇవే కొండలకి రండి. 2008 జూన్ 29న ఒడిశా సరిహద్దులోని బలిమెల రిజర్వాయర్‌లో గ్రేహౌండ్స్ జవాన్ల బోటుపై మావోయిస్టులు దాడి చేశారు. 38 మంది చనిపోయారు. వాళ్లు పోలీసులు, ఫౌజీలు కారు. 2015లో ప్రకటించిన వన్ ర్యాంక్ వన్ పెన్షన్ ఫౌజ్‌కే. ఇక్కడి అడవుల్లో గస్తీ తిరిగే సీఆర్‌పీఎఫ్ జవాన్‌కి అది లేదు. 2004 జనవరి 1 నుంచి కేంద్ర నౌకరీలో చేరినవాళ్లకి పాత పెన్షన్ పోయింది. ఫౌజ్‌కి మినహాయింపు ఇచ్చారు, సీఆర్‌పీఎఫ్‌ని మాత్రం కొత్త స్కీములోకి నెట్టారు.

మామూ పక్షాన ఒక మాట చెప్పాలి, అబ్బా కోప్పడినా సరే. సిపాయిని ముప్పై అయిదు, నలభై ఏళ్లకే ఇంటికి పంపేస్తారు. మాస్టరు జుట్టు నెరిసేదాకా జీతం తీసుకుంటాడు. ఆ తేడాకి పెన్షన్ ఇవ్వడం ఎహ్సాన్ కాదు, హక్. కానీ లాండ్‌మైన్‌కి యూనిఫాం రంగు తెలియదు కదా! అదే దారిలో నడిచే జవాన్‌కి తక్కువెందుకు? జోరువానలో వాగు దాటి టీకాల డబ్బా మోసే నర్సమ్మని ఈ బహస్‌లో ఎవరూ గుర్తు చేయరు. నాకూ ఆమె చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది.

మొన్న ఈద్‌కి ఇదంతా మామూకి చెప్పాను. జవాబివ్వలేదు. ఆయన మనవడు తెల్లారగట్ల పరుగులు తీస్తున్నాడు, అగ్నివీర్ కోసం. 2022లో వచ్చిన ఆ నౌకరీ నాలుగేళ్లే, ఆపైన ఉంచుకునేది నాలుగో వంతు మందినే. మిగతావాళ్లకి పెన్షన్ లేదు.

"వాడికేమిస్తారో నీ పేపర్లో రాయి బేటా" అన్నాడు మామూ. అబ్బా ఆ రోజు బహస్ చేయలేదు.