నిన్నటి పేజీ

2003 వేసవి. విజయవాడలో మా వీధి చివరి నెట్ సెంటర్. అక్క ఇంటర్ సెకండియర్ ఫలితాలు పదకొండింటికన్నారు. పన్నెండున్నరైనా స్క్రీన్ మీద ఒకటే మాట: “ఫలితాలు త్వరలో”. రిఫ్రెష్ కొట్టిన ప్రతిసారీ పేజీ రెండు నిమిషాలు తిని, మళ్లీ ఆ మాటే తెచ్చేది. ఇంటికొచ్చి చెప్తే నాన్న నమ్మలేదు. పక్కింటబ్బాయి వేరే సెంటర్‌లో చూసుకుని అప్పటికే స్వీట్లు పంచాడు మరి. అక్క ఫెయిలై దాస్తోందని నాన్న అనుకున్నారు. అక్క అన్నం తినలేదు.

నేను మళ్లీ వెళ్లాను. సెంటర్ అన్న పింగ్ కొట్టి చూశాడు, బాగానే ఉంది. బ్యాంకు వాళ్ల హెచ్‌టీటీపీఎస్ పేజీ టక్కున తెరుచుకుంది. మామూలు పేజీలే నత్తనడక. “లైన్ మంచిదేరా, మధ్యలో ఎవడో కూర్చున్నాడు” అన్నాడు. అడ్రస్ చివర ఒక ప్రశ్నార్థకం, ఒక అంకె చేర్చి ఎంటర్ కొట్టాడు. అసలు పేజీ వచ్చింది. అక్క ఫస్ట్ క్లాస్.

ఆ మధ్యలో కూర్చున్నవాడి కథ నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు. వాడి పేరు ప్రాక్సీ క్యాష్. ఎవరో ఒకరు అడిగిన పేజీని దాచిపెట్టుకుని, తర్వాత అడిగినవాళ్లందరికీ ఆ కాపీనే ఇస్తాడు. 1994 నాటికే సెర్న్ వెబ్ సర్వర్‌లో ఈ సదుపాయం ఉంది. అమెరికాలో హార్వెస్ట్ అనే పరిశోధన ప్రాజెక్టు నుంచి 1996లో స్క్విడ్ పుట్టింది. అది ఉచితం కావడంతో ఎన్నో దేశాల ఇంటర్నెట్ కంపెనీలు వాడుకున్నాయి. మన దగ్గర వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది, 1998లో ప్రైవేటు కంపెనీలకూ దారి తెరిచారు. విదేశాలకు వెళ్లే బ్యాండ్‌విడ్త్ అప్పట్లో బంగారం. ఒకే పేజీని వందసార్లు సముద్రం దాటించి తేవడం ఎందుకు? పొదుపు కోసం పుట్టిన మంచి ఆలోచనే.

చిక్కల్లా ఆ కాపీ ఎప్పటిదన్న దగ్గరే. తన గడువేంటో పేజీ చెప్పకపోతే, క్యాష్ ఊహించుకుంటుంది. 1999 జూన్ నాటి హెచ్‌టీటీపీ నియమాల పత్రం ఆ ఊహకు ఒక లెక్క సూచించింది: పేజీ చివరిసారి మారి ఎంతకాలమైందో అందులో పదోవంతు. అంటే పది రోజులుగా మారని పేజీని ఒక రోజంతా అసలు సర్వర్‌ని అడక్కుండానే చూపించొచ్చు. “ఫలితాలు త్వరలో” పేజీ బహుశా అలాంటిదే. ప్రశ్నార్థకం చేర్చేసరికి క్యాష్‌కి అది కొత్త అడ్రస్, అందుకే వెళ్లి తెచ్చింది.

రిఫ్రెష్ ఎందుకు పనిచేయలేదో కూడా తర్వాత తెలిసింది. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి మధ్యలో ప్రాక్సీ ఉందని తెలియకపోతే, “కచ్చితంగా కొత్తదే తే” అని అడిగేది కాదు. కంపెనీలేమో ప్రాక్సీని మనకు చెప్పకుండా దారిలోనే కూర్చోబెట్టేవి. దాన్నే ట్రాన్స్‌పరెంట్ ప్రాక్సీ అన్నారు. అంటే పారదర్శకం, కంటికి కనబడనిది! జనం ఎక్కువై దాని డిస్కులు అలిసిపోతే, వేగం కోసం పెట్టిందే అందరినీ క్యూలో నిలబెట్టేది. హెచ్‌టీటీపీఎస్ దాని గుండా పోదు కాబట్టే బ్యాంకు పేజీ టక్కున వచ్చింది. ఇలాంటి ప్రాక్సీ తిప్పలు ఎన్ని రకాలో 2001 జూన్‌లో ఇంటర్నెట్ ఇంజినీర్లే ఒక పత్రంగా రాసిపెట్టారు.

2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్లు అందరికీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత కొన్నేళ్లలో వెబ్ చాలావరకు హెచ్‌టీటీపీఎస్‌కి మారింది, దారిలో కూర్చున్నవాడికి పేజీ లోపల ఏముందో కనబడటం మానేసింది. క్యాష్‌లు పోలేదు. ఇప్పుడు చాలావరకు సైటు వాళ్లే కుదుర్చుకుని, గడువులు చెప్పి మరీ నడిపిస్తారు.

ఆ రోజు మాకు నిన్నటి సంగతి చెప్పింది ఒక యంత్రం. అనుమానం మాత్రం అక్క మీద పడింది. స్క్రీన్ మీద ఉన్నది తప్పు కావచ్చని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, నాక్కూడా. సాయంత్రం నాన్న పూతరేకులు తెచ్చారు. పొద్దున అన్న మాట గురించి ఏమీ అనలేదు. అక్క ఒకటి తీసుకుని, మిగతావి నా వైపు జరిపింది.