మిరాశీ పోయింది, పింఛను వచ్చింది

1763 ఆగస్టు నాటి దస్తావేజు ఒకటుంది. కూచిపూడి అగ్రహారంలో 15 ఇంటిపేర్ల వాళ్ళ హక్కును నమోదు చేసిన కాగితం అది. వేదాంతం, వెంపటి, పసుమర్తి, భాగవతుల. ఇవాళ నాట్య ప్రదర్శనల పోస్టర్ల మీద మనం చూసే పేర్లే. గోల్కొండ ప్రభువు తానీషా వాళ్ళ ఆట చూసి మెచ్చి ఊరు రాసిచ్చాడన్న కథ మనందరం విన్నదే. అందులో నిజమెంత అన్న చర్చ పండితులది. దస్తావేజు మాత్రం ఒక మామూలు విషయం చెబుతుంది: ఆట వెనక భూమి ఉంది. కాలు విరిగినా, గొంతు పోయినా, ఆ ఏడు ఎవరూ ఆటకు పిలవకపోయినా, పొలం మీద ఎంతో కొంత వస్తుంది. ఆ రోజుల్లో ఆరోగ్య బీమా అయినా, నిరుద్యోగ భృతి అయినా, ముసలితనపు పింఛను అయినా అదే.

ఇప్పుడు పేపర్లో ఏ కళాకారుడి గురించైనా వార్త వస్తే హెడ్డింగు దాదాపు ఒకేలా ఉంటుంది. "కళాకారుడిని ఆదుకోరూ!" ఆదుకోవడం మంచి మాటే. కానీ ఈ రెండు వందల యాభై ఏళ్ళలో హక్కు అన్న మాట జారిపోయి ఆ చోట్లో ఆదరువు ఎలా వచ్చి కూర్చుందో చూడాలి. మన దగ్గర కళాకారుల ఆరోగ్యం గురించి, డబ్బు గురించి జరిగే చర్చంతా ఈ జారుడు దగ్గరే మొదలవ్వాలని నాకనిపిస్తుంది.

అగ్రహారం బ్రాహ్మణులకు దొరికింది. మిగతా వాళ్ళ సంగతేంటి? తెలంగాణలో ఆశ్రిత కులాలు అని ఒక పెద్ద వ్యవస్థ ఉంది. మాదిగలకు డక్కలి వాళ్ళు, చిందు వాళ్ళు. పద్మశాలీలకు కూనపులి వాళ్ళు. చాకలి వాళ్ళకు మాసయ్యలు. గొల్లలకు మందెచ్చు వాళ్ళు. ముదిరాజులకు కాకిపడగల వాళ్ళు. ఒక్కో కులానికి దాని పుట్టుక కథ చెప్పే కళాకారులు వేరే ఉంటారు. పటం విప్పి, బొమ్మలు చూపిస్తూ, రాత్రుళ్ళు కథ చెబుతారు. చేర్యాల నకాశీ పటాలు అన్న పేరుతో మనం ఇవాళ ఎగ్జిబిషన్లలో కొనుక్కునేవాటి అసలు పని అదే.

ఈ కథకులకు భూమి లేదు. ఉన్నది మిరాశీ. ఫలానా ఊళ్ళలో కథ చెప్పుకునే హక్కు ఫలానా కుటుంబానిది. అది తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, అన్నదమ్ములు పంచుకుంటారు, అవసరమైతే తాకట్టు పెడతారు. ఒకరి ఊళ్ళో ఇంకొకరు పటం విప్పితే కులపెద్దల ముందు పంచాయితీ. పోషక కులం వాళ్ళిచ్చే గింజల్ని, డబ్బుల్ని త్యాగం అంటారు. పాత తెలుగులో త్యాగమంటే ఈవి. పేరుకు అది ఈవే గానీ నడిచింది మాత్రం బాకీలాగా. ఇంటికింత అని లెక్క ఉంటుంది, కథకుడు అడిగి తీసుకుంటాడు. ఆట బాగుందా లేదా అన్న పరీక్షతో దానికి సంబంధం లేదు. కథకుడు ముసలివాడైతే కొడుకు వెళ్తాడు. హక్కు ఇంటిది కాబట్టి ముసలాయనకూ బువ్వ దొరుకుతుంది.

అలాగని ఆ రోజులే బాగున్నాయి అనడానికి లేదు. ఈ హక్కు కులంతో కట్టిపడేసిన హక్కు. డక్కలి కళాకారుడు మాదిగల పుట్టుక కథను జాంబ పురాణంగా పాడతాడు, కానీ ఆ మాదిగల ఇళ్ళలోకే అడుగు పెట్టనివ్వని అంటరానితనం అతనిది. హక్కు కావాలంటే ఆ మెట్టు మీదే ఉండాలి. గుడి సేవకు కట్టుబడిన దేవదాసీల మాన్యమూ అంతే. భూమి ఉంటుంది, దాంతో పాటే తప్పించుకోలేని సేవా ఉంటుంది. ఈ ముడిని తెంచాలని సంస్కర్తలు పట్టుబట్టడం న్యాయమే.

తెంచిన తీరులోనే తేడా వచ్చింది. 1929లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టం దేవదాసీల ఇనాం భూముల్ని సేవ నుంచి విడదీసి వాళ్ళ సొంతం చేసింది. బాధ్యత పోయింది, భూమి మిగిలింది. మంచి పద్ధతి. కానీ కోస్తాలో చాలామంది కళావంతులు బతికింది గుడి భూమి మీద కాదు, పెళ్ళిళ్ళ మేళాల మీద. 1947 చట్టం, ఆ తర్వాత ఆంధ్రలో 1956 సవరణ వచ్చేసరికి ఆ మేళాలూ మూతపడ్డాయి. భూమి లేని వాళ్ళకు బదులుగా దక్కింది ఏమీ లేదు. వాళ్ళ దగ్గరున్న జావళీలు, అభినయం మాత్రం తర్వాత వేరేవాళ్ళ వేదికల మీద గౌరవంగా నిలబడ్డాయి.

అదే కాలంలో జమీందారీలూ పోయాయి. 1948 చట్టం కింద జమీందార్లకు నష్టపరిహారం లెక్కగట్టారు. 1955, 56ల్లో అటు తెలంగాణలో, ఇటు ఆంధ్రలో ఇనాముల రద్దు చట్టాలు వచ్చాయి. భూమి ఉన్న ఇనాందారు పట్టాదారు కావడానికి దారి దొరికింది. మిరాశీ భూమి కాదు గనక అది ఈ చట్టాల లెక్కలోకే రాలేదు. అది మనుషుల మధ్య మాట. ఊళ్ళు మారాయి, పోషక కులాల్లో చదువుకున్నవాళ్ళు పట్నాలకు వెళ్ళారు, మిగిలినవాళ్ళు సినిమాకు వెళ్ళారు. మాట ఆగిపోయింది. ఒక తరం ఆస్తి మొత్తం, ఒక్క కాగితం కూడా చేతులు మారకుండా కరిగిపోయింది.

మధ్యలో ఇంకో దారి వచ్చింది: టికెట్టు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు పూనికతో కీచకవధతో మొదలైన సురభి నాటకాలు దానికి పెద్ద ఉదాహరణ. టికెట్టు డబ్బుకు జబ్బు సెలవు ఉండదు. సురభి దానికి వెతుక్కున్న ఉపాయం కుటుంబం. సమాజమంటేనే ఒక ఇల్లు. పసిపిల్లలు బాలకృష్ణులవుతారు. గొంతు తగ్గినవాళ్ళు చిన్న వేషాలకు, ఆ తర్వాత తెర వెనక్కి జరుగుతారు. ఎవర్నీ రిటైర్ చెయ్యరు. ఒకప్పుడు ముప్పైకి పైగా ఉన్న సమాజాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని అయ్యాయంటే పోయింది నాటకాలు మాత్రమే కాదు, అన్ని ఇళ్ళ ఆరోగ్య నిధి కూడా.

మధ్యతరగతి తెలుగు నాటకం దీన్ని వేరేలా పరిష్కరించుకుంది. పగలు ఉద్యోగం, రాత్రి వేషం. బళ్ళారి రాఘవ పేరున్న వకీలు. ఆ తర్వాత టీచర్లు, గుమస్తాలు, రైల్వే వాళ్ళు. కళకు డబ్బు తీసుకోకపోవడమే గొప్ప అన్న భావం మనకు అలవాటైంది ఇక్కడి నుంచే అనుకుంటా. జీతం రాళ్ళు వేరేచోట నుంచి వచ్చేవాడికి ఆ గొప్ప సాధ్యం. చిందు భాగోతం ఆడేవాడికి కాదు.

ఇక ఒళ్ళు. భాగవతాల్లో ముఖానికి పూసుకునే పచ్చటి అర్దళం అంటే ఆర్సెనిక్ సల్ఫైడ్. ఎర్రటి ఇంగిలీకంలో ఉండేది పాదరసం. రాత్రంతా గజ్జెలు, చెక్క కిరీటాలు, బరువైన భుజకీర్తులు, మైకు లేని రోజుల్లో పాటందుకుని అరిచిన గొంతు. ఈ పనికి వృత్తిరోగాలుంటాయని మనం ఎప్పుడూ అనుకోలేదు, ఎందుకంటే దీన్ని వృత్తిగా లెక్కపెట్టలేదు. సినిమా వాళ్ళ విషయంలో లెక్కపెట్టారు. 1981లో పార్లమెంటు సినీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం చేసి, సినిమాల మీద సెస్సు వేసింది. చిన్న మొత్తమే కావచ్చు, కానీ దాని వెనకున్న సూత్రం గట్టిది: పరిశ్రమ సంపాదిస్తుంది కాబట్టి అందులో పనిచేసినవాడి మందుల ఖర్చులో దానికి వాటా ఉంది. జాతరలో ఆడేవాడికి అలాంటి యజమాని కనిపించడు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్ల ఖర్చు మోసింది, అది చిన్న సంగతి కాదు. కానీ మోకాలు ఆపరేషన్ అయ్యాక ఆరు నెలలు గజ్జె కట్టలేనివాడి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్నది ఆసుపత్రి బిల్లులో కనపడదు.

ప్రభుత్వం పింఛను ఇవ్వడం లేదా? ఇస్తోంది. పేదరికంలో ఉన్న కళాకారులకు, రచయితలకు సాయం చేసే కేంద్ర పథకం 1961 నుంచీ ఏదో ఒక పేరుతో ఉంది. ఇప్పుడది నెలకు 6,000 దాకా ఇస్తుంది. షరతులు చూడండి: 60 ఏళ్ళు నిండాలి, ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు, ముందు రాష్ట్రం నుంచి కనీసం నెలకు 500 కళాకారుల పింఛను వస్తూ ఉండాలి. అంటే రాష్ట్రం గుర్తించనివాడు కేంద్రం కంటికీ కనపడడు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు సామాజిక పింఛన్లలో ఒక వర్గంగా చోటిచ్చి, వయసు 50కి తగ్గించారు. 2024 జులై నుంచి అది నెలకు 4,000. ఆ 50 అన్న అంకె నాకు విలువైనదిగా కనిపిస్తుంది. డప్పు కొట్టే చెయ్యి గుమస్తా చెయ్యికన్నా ముందే అలిసిపోతుందని ప్రభుత్వం ఒప్పుకున్న అంకె అది.

తెలంగాణ ఇంకో ప్రయోగం చేసింది. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి, ఉద్యమంలో పాడిన 550 మందికి నెలజీతం ఇచ్చింది. జీతమన్నది పింఛనుకన్నా ఎంతో మేలు. కానీ పని ఏంటి? ప్రభుత్వ పథకాల గురించి ఊరూరా పాడటం. పోషకుడి వంశకథ పాడితేనే త్యాగం దొరికిన పాత ఒప్పందం ఇక్కడ మళ్ళీ తొంగిచూస్తుంది. ఈసారి పోషకుడు సర్కారు.

పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య డక్కలి కళాకారుడు. 'భీమ్లా నాయక్' పాటతో ఆయన గొంతు మన ఫోన్లలోకి వచ్చింది. 2022లో పద్మశ్రీ, దాంతో పాటు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కోటి రూపాయలు, ఇంటి స్థలం. 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివారులో భవన నిర్మాణ కూలీగా పనిచేస్తున్నారని పత్రికల్లో వచ్చింది. నెలనెలా వచ్చే 10,000 ఆగిపోయిందని ఆయన అన్నారు. వెంటనే సానుభూతి పొంగింది, డబ్బంతా ఏం చేశాడని దెప్పిపొడిచినవాళ్ళూ ఉన్నారు. నాకు తట్టింది ఒకటే. ఆయన తాతల కాలంలో పోషకుడు గింజలు కొలవకపోతే పంచాయితీ పెట్టే చోటు ఉండేది. నెలసరి డబ్బు ఆగితే మొగులయ్యకు దొరికిన చోటు వార్త మాత్రమే. వార్తకెక్కే పేరు లేని మిగతా కిన్నెర, బుర్ర వీణ, ఒగ్గు కళాకారులకు అది కూడా లేదు.

కులపు మెట్లు లేని మిరాశీ ఒకటి కావాలి. అది కవిత్వం కాదు, కొన్ని నిబంధనల పని. పేదరికం రుజువు మీద కాకుండా పనిచేసిన ఏళ్ళ మీద లెక్కగట్టే పింఛను. 60 వరకూ ఆగకుండా ఒళ్ళు అరిగే వయసును బట్టి మొదలయ్యే పింఛను. గజ్జె కట్టలేని నెలలకు భృతి. జానపద గొంతును, బాణీని వాడుకునే సినిమా మీద ఆ కళ పేరున ఒక సెస్సు. అన్నిటికన్నా ముందు, డబ్బు ఆగితే కళాకారుడు వెళ్ళి గట్టిగా అడగడానికి ఒక కిటికీ, అడిగితే ఇన్ని రోజుల్లో జవాబు రావాలన్న గడువు. కూచిపూడి వాళ్ళకు 1763లోనే ఒక కాగితం ఉంది. డక్కలి వాళ్ళకు ఇంకా రాయాల్సి ఉంది.