సరమ ప్రశ్న: వీధికుక్కలు, సంహారము, సంతాననిరోధము



మహాభారతమున పౌష్యోపాఖ్యానము ఒక కుక్కపిల్ల రోదనముతో ఆరంభమగును. జనమేజయుని సోదరులు యజ్ఞవాటికలో నిరపరాధియైన సారమేయుని కొట్టిరి. తల్లి సరమ కారణమడుగగా సమాధానము రాలేదు. ఊహింపని భయము మిమ్ము చేరునని ఆమె శపించెను. మహాప్రస్థానమున ధర్మరాజు తన్ను ఆశ్రయించిన శునకమును విడిచి స్వర్గమునకు రానని పలికెను. ఈ ధర్మమునకు చరిత్రలో ఎట్టి పరీక్షలు ఎదురైనవో విచారింతము.

కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి శిలాశాసనములలో అశోకుడు మనుష్యులకువలెనే పశువులకును చికిత్స కల్పించితినని ప్రకటించెను. వలసపాలనలో ఆ దృష్టి మరుగుపడెను. 1832లో బొంబాయి పాలకులు వీధికుక్కను చంపినవారికి ఎనిమిది అణాల బహుమానము ప్రకటించిరి. ధనాశతో పెంపుడు కుక్కలను సైతము చంపగా, శునకమును పవిత్రముగా భావించు పార్సీలు తిరుగబడిరి.

మద్రాసు నగరపాలక సంస్థయు దశాబ్దములపాటు కుక్కలను పట్టి చంపించెను. సంఖ్య మాత్రము తగ్గలేదు. ఆహారమున్నచోట, చచ్చినవాని స్థానమును మిగిలినవాని సంతానము నింపును గదా! 1959లో కెప్టెన్ వి. సుందరం స్థాపించిన బ్లూ క్రాస్ సంస్థ సంహారమునకు బదులు సంతాననిరోధ శస్త్రచికిత్సను ప్రతిపాదించెను. నగరపాలక సంస్థ దానిని 1996లో అంగీకరించెను. 2001 నాటి కేంద్ర నియమావళి ఆ మార్గమునే దేశమంతటికి విధించెను: శస్త్రచికిత్స, రేబిస్ టీకా, పట్టినచోటనే విడుదల. నయముకాని వ్యాధి, ప్రాణాంతక గాయము గలవానికి మాత్రమే పశువైద్యునిచే బాధారహిత మరణము.

2025 ఆగస్టు 11న సర్వోన్నత న్యాయస్థానము ఢిల్లీ వీధికుక్కలను శరణాలయములకు తరలింపుమనెను. 22న ఆ ఆదేశమును సవరించి, రేబిస్ సోకినవానిని, క్రూరమైనవానిని మినహాయించి, టీకా వేసి విడువుమనెను. శరణాలయము నిండినచో ఏమగునో అమెరికా చరిత్ర చెప్పును. 1970లలో అచ్చట ఏటేటా లక్షలాది మూగజీవులు స్థలము చాలక, స్వీకరించువారు లేక చంపబడినవి. శస్త్రచికిత్సలు పెరిగిన కొలది ఆ మరణములు తగ్గినవి.

ఒక ఆత్మవిమర్శ. మా ఆలయ ప్రాకారము చెంత ఈనిన కుక్కకు నిత్యము ప్రసాదము పెట్టినవారిలో నేనును ఒకడను. రెండేండ్లలో అవి పదునెనిమిది అయినవి. ఒకటి దర్శనార్థము వచ్చిన బాలికను కరచెను. మరునాడు వాహనము వచ్చి అన్నింటిని కొనిపోయెను. ఎచ్చటికని నేను అడుగలేదు. బాలిక కోలుకొనెను, నా మౌనము మాత్రము నన్నింకను బాధించుచున్నది. సరమ అడిగినపుడు రాజును ఇట్లే మౌనము వహించెను గదా!

అన్నము పెట్టిన చేయియే టీకాకును, శస్త్రచికిత్సకును పూనుకొనవలెను. నూటికి డెబ్బది కుక్కలకు టీకా వేసినచో రేబిస్ వ్యాప్తి నిలుచునని వైద్యులు చెప్పుచున్నారు. అది బిడ్డలకును రక్ష, కుక్కలకును రక్ష. ఇప్పుడు మా ఆలయమున ప్రసాదము పెట్టుటకు ముందు ఆ పని జరుగుచున్నది.

సర్వే జనాః సుఖినో భవంతు.