ఎన్ని టన్నులు?

డబ్లిన్‌లో రైలెక్కితే రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా బెల్‌ఫాస్ట్. దేశం మారిన సంగతి చెప్పేది జేబులో ఫోను ఒక్కటే. ఊళ్లోకి రాగానే పసుపు రంగు క్రేన్లు రెండు, ఆకాశానికి గుమ్మాలు నిలబెట్టినట్టు. పేర్లు శాంసన్, గోలియత్. విశాఖలో షిప్‌యార్డు సైరను వింటూ పెరిగాను, నాన్న అక్కడ వెల్డరు. క్రేను కనిపిస్తే నా కాళ్లు ముందుకు సాగవు.

1921లో ఐర్లండ్ ద్వీపం రెండుగా చీలి, బెల్‌ఫాస్ట్ ఉన్న ఉత్తరం బ్రిటన్‌లోనే ఉండిపోయినప్పుడు పెద్ద యంత్రాలు చాలావరకు ఉత్తరం వాటాకే వెళ్లాయి. టైటానిక్ 1911లో నీళ్లలోకి జారింది ఇక్కడి హార్లండ్ అండ్ వోల్ఫ్ యార్డు నుంచే. లినెన్ మిల్లులు, ఓడల మోకులు పేనే కార్ఖానా కూడా ఇక్కడివే. దక్షిణానికి దక్కినవి పశువులు, వెన్న, గిన్నిస్ బీరు, బిస్కెట్లు. 2014లో హైదరాబాదు ఎవరిదన్న పేచీ చూసినవాళ్లకు అప్పటి డబ్లిన్ మనసు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

దక్షిణం మొదట తలుపులు వేసుకుంది. 1932 నుంచి డి వలేరా ప్రభుత్వం దిగుమతి సుంకాలు పెంచుతూ పోయింది, ఫ్యాక్టరీలు విదేశీయుల చేతికి పోకుండా చట్టం చేసింది. చిన్నాచితకా ఫ్యాక్టరీలు వెలిశాయి గానీ వాటి సరుకు బయట చెల్లలేదు. 1950లలో, 30 లక్షలు కూడా లేని జనాభాలోంచి దాదాపు 4 లక్షల మంది వలసపోయారు.

1958లో ఆర్థిక శాఖ కార్యదర్శి టి.కె. విటేకర్ నివేదిక ఆ తలుపులు తెరవమంది. ఈ మలుపులో నాకిష్టమైనది షానన్ కథ. అట్లాంటిక్ దాటే విమానాలు ఒకప్పుడు ఇంధనం కోసం అక్కడ దిగేవి. జెట్లు వచ్చాక దిగే పని తప్పింది. విమానాశ్రయం ఎండిపోతుందని బెంగపడి, అక్కడి భోజనశాలల వ్యవహారం చూసే బ్రెండన్ ఓరెగన్ పక్కనే సుంకాల్లేని పారిశ్రామిక వాడకు పట్టుబట్టాడు. 1959లో అది వచ్చింది. మన సెజ్‌లకు తాత అనుకోండి. తర్వాత ఫైజర్, 1980లో కార్క్‌కు యాపిల్, 1989లో లీక్స్‌లిప్‌కు ఇంటెల్.

అదే కాలంలో ఉత్తరం ఇంకిపోయింది. ఓడల ఆర్డర్లు తూర్పు ఆసియాకు తరలాయి, సింథటిక్ దారం మిల్లులు ఒకటొకటే మూతపడ్డాయి, వీధుల్లో బాంబులు. ప్రభుత్వ సొమ్ము పోసి తెచ్చిన డెలోరియన్ కార్ల ఫ్యాక్టరీ సుమారు 9 వేల కార్లతో 1982లో చతికిలబడింది. నా ఉద్దేశంలో అసలు తేడా నైపుణ్యంలో లేదు, పన్ను ఎంతో రాసే కలంలో ఉంది. ఆ కలం డబ్లిన్ చేతిలో ఉంది, బెల్‌ఫాస్ట్‌కు లేదు. 1981లో తయారీ లాభాలపై పన్నును డబ్లిన్ 10 శాతానికి దించింది. ఉత్తరానికి సొంత రేటు పెట్టుకునే చట్టాన్ని లండన్ 2015లో చేసింది, అది ఇప్పటిదాకా అమల్లోకి రాలేదు.

మరి ఇప్పుడు రెంటి ఉత్పత్తినీ పక్కపక్కన పెట్టి చూద్దామా? జాగ్రత్త. 2015లో దక్షిణ ఐర్లండ్ జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగిందని ప్రకటించారు. ఆ ఏడు దక్షిణంలోనే పనిచేస్తున్న నా జీతం అలా పెరగలేదు, పక్కింటివాళ్లదీ పెరగలేదు. పెద్ద కంపెనీలు తమ పేటెంట్ల యాజమాన్యాన్ని దక్షిణానికి మార్చాయి, వేరే దేశాల్లో కాంట్రాక్టుకు చేయించిన సరుకు దాని ఖాతాలో పడింది. ఆ గాలి తీసేయడానికి గణాంక శాఖ 2017లో వేరే కొలత తేవాల్సివచ్చింది. బెల్‌ఫాస్ట్‌లో విమాన రెక్కలు చేస్తారు, బాలిమీనాలో బస్సులు. వాటిని చేత్తో తాకొచ్చు.

కార్క్ దగ్గర మా ప్లాంటులో తయారయ్యేది మందుల్లో వాడే పొడి. మొన్న ఫోన్లో నాన్న అడిగారు.

“ఏడాదికి ఎన్ని టన్నులు తీస్తార్రా?”

చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

“అంతేనేటి?” అన్నారు.