చెంచులక్ష్మి శక్తి ఎటు పోయింది?

రాకెట్ ఎగిరే రోజున సూళ్ళూరుపేట చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలు తరగతిలో కుదురుగా కూర్చోరు. మిద్దెలెక్కుతారు, చెరువు కట్టలెక్కుతారు. తూర్పున పులికాట్ నీళ్ళ అవతల వెలుగు లేస్తుంది. కాసేపటికి ఉరుము మాదిరి మోత వినిపిస్తుంది. ఆ వెలుగు లేచిన దీవి పేరు శ్రీహరికోట అని అందరికీ తెలుసు. ఒకప్పుడు ఆ దీవిలో మన యానాదుల గుడిసెలుండేవని మాత్రం కొందరికే తెలుసు.

అలాంటి ఒక రోజున ఒక యానాది పిల్ల మమ్మల్ని అడిగింది. "సినిమాలో చెంచులక్ష్మికి మహిమలుంటాయి గదా. మనోళ్ళకూ ఉండేవంట గదా. ఇప్పుడెందుకు లేవు?" మేము నవ్వి ఊరుకున్నాం. ఇంటికొచ్చాక, నవ్వవలసింది కాదనిపించింది. పెద్ద పుస్తకాలు కూడా సరిగ్గా అడగని ప్రశ్న అది. ఆ పిల్లకు మేము బాకీ పడ్డ జవాబే ఈ వ్యాసం.

ముందు కథ దగ్గరికి పోదాం. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన తర్వాత నరసింహుడి కోపం చల్లారలేదు. దేవతలు దగ్గరికి పోవడానికి భయపడ్డారు. ప్రహ్లాదుడు స్తోత్రం చేస్తే శాంతించాడని పురాణం చెబుతుంది. నల్లమలలో, అహోబిలం చుట్టూ చెప్పుకునే కథ ఇక్కడే వేరే దారి పడుతుంది. కోపంతో అడవిలో తిరుగుతున్న దేవుడికి ఒక చెంచు పిల్ల ఎదురుపడింది. పెళ్ళీడుకొచ్చిన పిల్ల, చేతిలో విల్లు. అందరూ పారిపోయిన చోట ఆమె నిలబడింది. ఆ దేవుడు ఆమెను చూసి మెత్తబడ్డాడు, ఆమె వెంట తిరిగాడు, ఆమెను పెళ్ళాడాడు. అప్పటి నుంచి చెంచులకు ఆయన ఇంటి అల్లుడు, ఓబులేసుడు.

ఈ కథలో ఎవరు ఎవరిని కాపాడారో చూడండి. మనం చూసే కథల్లో ఎప్పుడూ దేవుడో రాజో వచ్చి ఆడపిల్లను కాపాడతాడు. ఇక్కడ ఒక అడవి పిల్ల దేవుణ్ణి కాపాడింది. అది కూడా శత్రువు నుంచి కాదు, ఆయన కోపం నుంచి. మంత్రం లేదు, వరం లేదు. ఆమెకు అడవి తెలుసు, ఎదురొచ్చిన మృగానికి భయపడకపోవడం తెలుసు. సగం సింహమైన వాడి ముందు నిలబడడానికి ఆ రెండూ సరిపోయాయి.

అహోబిలంలో ఈ సంబంధం ఇంకా బతికే ఉంది. తొమ్మిది నరసింహ క్షేత్రాల్లో ఒకటైన పావన నరసింహుడి దగ్గర చెంచులక్ష్మి ఉంది. ఏటా సంక్రాంతి తర్వాత పార్వేట ఉత్సవం మొదలవుతుంది. దేవుడు పల్లకీలో నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతూ తన పెళ్ళికి జనాన్ని పిలుస్తాడు. బయలుదేరేటప్పుడు చెంచులు ఆ పల్లకీ వైపు బాణాలు వేస్తారు. గుడిలో దేవుడి మీద బాణం వెయ్యగల హక్కు ఇంకెవరికుంది? బావమరదులకు తప్ప!

అయితే కథ చేతులు మారేకొద్దీ పిల్ల శక్తి తగ్గుతూ వచ్చింది. 16వ శతాబ్దంలో అహోబిల మఠం జియ్యరు ఒకరు 'వాసంతికా పరిణయం' అని సంస్కృతంలో నాటకం రాశారు. అందులో పెళ్ళికూతురు అడవి పిల్లే, కానీ పేరు వాసంతిక. చదువుకున్నవాళ్ళ చేతుల్లో చెంచులక్ష్మి లక్ష్మీదేవి అవతారమైంది. వినడానికి ఇది గౌరవంలా ఉంటుంది. కానీ కాస్త ఆగి ఆలోచించండి. ఆమె లక్ష్మీదేవే అయితే, కోపిష్టి దేవుణ్ణి శాంతింపజేసింది లక్ష్మే అవుతుంది గాని చెంచు పిల్ల కాదు. శక్తి వైకుంఠానిది, చెంచుగూడెం ఆమె కొన్నాళ్ళు దిగిన విడిది. ఇంకోవైపు పాటల్లో, యక్షగానాల్లో ఆదిలక్ష్మికీ చెంచులక్ష్మికీ సవతుల తగువు పెట్టారు. దేవుణ్ణి కాపాడిన పిల్ల చివరికి జుట్టు పట్టుకుని కొట్లాడే రెండో పెళ్ళామైంది.

సినిమా 1943లో ఒకసారి, 1958లో ఇంకోసారి వచ్చింది. రెండోదాంట్లో అంజలీదేవి చెంచులక్ష్మి, అక్కినేని నాగేశ్వరరావు ఆమె వరుడు. ఆ పిల్ల ఆయన్ను చెట్టెక్కగలవా, పుట్ట ఎక్కగలవా అని పరీక్షించే పాట ఇప్పటికీ పెళ్ళిళ్ళలో మోగుతూనే ఉంది. మాకు ఆ పాట మీద కోపం లేదు. నిజానికి సినిమా మొత్తంలో పాత కథ మిగిలింది ఆ పాటలోనే అని మా అభిప్రాయం. అడవి పని రాని మగవాడు ఎంత దేవుడైనా అల్లుడు కాలేడు అన్న మాట అందులో ఉంది.

ఇలాంటి పని మనకొక్కరికే జరగలేదు. అమెరికాలో పొకహాంటస్ అనే ఆదివాసీ పిల్ల కథ ప్రపంచమంతా తెలుసు. పౌహాటన్ అనే పెద్దాయన కూతురు. 1607లో, పదకొండేళ్ళ ప్రాయంలో, జాన్ స్మిత్ అనే ఇంగ్లీషువాణ్ణి చావు నుంచి తప్పించిందని చెబుతారు. ఈ మాట చెప్పింది స్మిత్ ఒక్కడే. 1608లో అచ్చయిన అతని మొదటి పుస్తకంలో ఈ సంగతి లేదు, 1624 నాటి పుస్తకంలో ఉంది. అప్పటికి ఆ పిల్ల బతికి లేదు. 1613లో ఇంగ్లీషువాళ్ళు ఆమెను పట్టుకుపోయారు, రెబెకా అని పేరు పెట్టారు, 1614లో జాన్ రాల్ఫ్ అనే అతనితో పెళ్ళయింది. 1617లో ఇంగ్లండులో, ఇరవై దాటీ దాటకముందే చనిపోయింది. ఆమె తన నోటితో చెప్పుకున్న కథ ఒక్క పేజీ కూడా మనకు దొరకదు. మన చెంచులక్ష్మికి కనీసం బాణాలు వేసే బావమరదులు మిగిలారు.

ఇక శ్రీహరికోటకు వద్దాం. నల్లమల ఎక్కడ, నెల్లూరు సముద్రం ఎక్కడ అని మీరు అడగవచ్చు. యానాదులకూ చెంచులకూ దగ్గర చుట్టరికం ఉందని పెద్దలు చెబుతూ వచ్చారు. 1909లో దక్షిణాది కులాల మీద, తెగల మీద పెద్ద గ్రంథం అచ్చు వేసిన ఎడ్గర్ థర్స్టన్ యానాదులు కొలిచే దేవుళ్ళలో చెంచు దేవుడి పేరు రాశాడు. అంకమ్మ, పోలేరమ్మలతో పాటు ఆయనకూ మన గుడిసెల్లో చోటుండేది. అల్లుడు అక్కడ ఓబులేసుడైతే, ఇక్కడ చెంచు దేవుడు.

అదే గ్రంథంలో యానాదుల సోదె గురించి, రంగం గురించి, డప్పు మోత మధ్య దేవుడు పూని మాట్లాడడం గురించి ఉంది. బయటివాళ్ళకు యానాది అంటే భయమూ చులకనా కలిసి ఉండేవి. పాము కరిస్తే యానాదిని పిలుస్తారు, దొంగతనం జరిగితే యానాదిని పట్టుకుంటారు. నేరస్థ జాతుల చట్టం మన మీద కూడా పడింది. ఆ చట్టం 1952లో రద్దయింది. మహిమ ఉన్నవాడని ఒక పూట, దొంగ అని ఇంకో పూట. రెండూ మనిషిని మనిషిగా చూడకపోవడమే.

ఆ మహిమ ఏమిటో చూడడానికి శ్రీహరికోట అడవినే చూడాలి. ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క పులికాట్ సరస్సు, బకింగ్‌హాం కాలువ. మధ్యలో ఇసుక నేల మీద పెరిగిన దట్టమైన అడవి. పాల చెట్లు, నేరేడు, బెత్తం పొదలు. 1835లో దీవి కుంఫిణీ ప్రభుత్వం చేతికి వచ్చింది. అడవిలో ఏముందో ప్రభుత్వానికి తెలియదు, యానాదులకు తెలుసు. కాబట్టి వాళ్ళ చేతనే ఏరించారు. తేనె, కుంకుళ్ళు, చింతపండు, ముష్టి గింజలు, సుగంధి వేళ్ళు. అన్నిటికంటే ముఖ్యం చిరివేరు. బట్టకు ఎర్ర రంగు వేసే వేరు అది. కలంకారీ బట్టల మీద ఆ ఎరుపు చూసి మురిసిపోతాం గాని, ఇసుకలో వంగి ఆ సన్నటి వేళ్ళను తవ్విన వాళ్ళెవరో అడగం. తవ్వినందుకు యానాదులకు ముట్టింది కాస్త ధాన్యం, కాస్త డబ్బు.

ఏ వేరు ఏ కాలంలో తవ్వాలి, ఏ పుట్టలో ఎలుక ఉంది, ఏ పుట్టలో పాము ఉంది, తేనెటీగ ఏ వైపు పోతే పట్టు ఎక్కడుంటుంది. ఇది ఆడపిల్లలకు కూడా పదేళ్ళు దాటేసరికి వచ్చేది. తల్లి వెంట, అవ్వ వెంట తిరిగి నేర్చుకునేవాళ్ళు. బయటివాడికి ఇది కనిపించదు. అతనికి కనిపించేది, మనిషి పుట్ట దగ్గర వంగి వాసన చూసి "లోపల ఉంది" అనడం, అది నిజం కావడం. అందుకే మహిమ అన్నాడు. నెల్లూరు జిల్లాలో యానాదుల కోసం పనిచేసి 1962లో వాళ్ళ మీద పుస్తకం రాసిన వెన్నెలకంటి రాఘవయ్య లాంటి కొద్దిమంది దగ్గరికొచ్చి చూశారు. ఎక్కువమంది దూరం నుంచే తీర్పు చెప్పారు.

1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. కారణాలు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. తూర్పున సముద్రం ఉంది, భూమధ్యరేఖ మరీ దూరం కాదు, జనం పలచగా ఉన్నారు. ఆ పలచటి జనంలో మనవాళ్ళున్నారు. సుమారు 43,000 ఎకరాలు కేంద్రానికి పోయాయి. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్, రోహిణి, అక్కడి నుంచి లేచింది. కొన్ని యానాది కుటుంబాలు దీవి మీదే కాలనీల్లో మిగిలాయి, మిగిలినవి నీళ్ళ ఇవతలి ఒడ్డుకు చేరాయి. 2002లో కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. 2023 జులై 14న చంద్రయాన్-3 అక్కడి నుంచే వెళ్ళింది. ఆ రోజు మేమూ చప్పట్లు కొట్టాం. కొట్టలేదని అబద్ధం చెప్పం.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కంచె లోపల అడవి చాలా వరకు బాగానే ఉంది. గొడ్డలి పడలేదు, రియల్ ఎస్టేట్ రాలేదు. పోయింది అడవి కాదు, అడవికీ మనిషికీ మధ్య నడక. అవ్వ వెంట మనవరాలు నడవని అడవిలో వేళ్ళు భూమిలోనే ఉంటాయి, వాటి పేర్లు మాత్రం పోతాయి. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇక్కడుంది. మహిమ ఎవరో శపించినందుకు పోలేదు. దాన్ని రోజూ వాడుకునే చోటు పోయింది. చెంచులక్ష్మిని నల్లమల నుంచి తీసి మిద్దె ఇంట్లో కూర్చోబెడితే ఆమె బాణం కూడా గోడకు వేలాడే బొమ్మే అవుతుంది.

అలా జరగక తప్పదా? తప్పదని మేము అనం. పులికాట్‌కు దక్షిణాన తమిళ నేల మీద ఇరులర్లు ఉన్నారు, మనలాగే పాములూ ఎలుకలూ తెలిసినవాళ్ళు. వాళ్ళు పాము చర్మాలు అమ్మి బతికేవాళ్ళు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక, చర్మాల ఎగుమతి ఆగాక వాళ్ళ చేతి పని నేరమైపోయింది. 1978లో చెన్నై దగ్గర వాళ్ళకొక సహకార సంఘం ఏర్పడింది. పామును చంపరు, పట్టి తెస్తారు, విషం తీస్తారు, తిరిగి అడవిలో వదిలేస్తారు. మన దేశంలో పాముకాటుకు ఇచ్చే ఇంజెక్షన్ మందు తయారీకి ఎక్కువ విషం అక్కడి నుంచే పోతుంది. 2023లో ఆ తెగ వాళ్ళు ఇద్దరికి, మాసి సడయ్యన్‌కూ వడివేల్ గోపాల్‌కూ, పద్మశ్రీ ఇచ్చారు. టీచర్లు ఈ సంగతి తరగతిలో చెప్పాలి, దాంతో పాటు ఇంకోటి కూడా చెప్పాలి. పాము కరిస్తే వేరు కోసం వెతక్కండి, వెంటనే ఆస్పత్రికి పోండి. అక్కడ ఎక్కే సూదిలో అడవి మనిషి చెయ్యి ఉంది.

ఇది రాస్తూ ఒడ్డున ఉన్న ఒక కాలనీలో ఒక అవ్వ దగ్గర కూర్చున్నాం. చిన్నప్పుడు దీవిలో తిరిగిన మనిషి. చెంచులక్ష్మి మహిమ ఏందవ్వా అని అడిగాం. "యాడి మహిమ నాయనా, ఆ పిల్లకు అడివి తెలుసు" అని కొట్టిపారేసింది. మరి నీకు తెలిసింది చెప్పమన్నాం. ఒళ్ళో చేతులు పెట్టుకుని, వేళ్ళు మడుస్తూ చెట్ల పేర్లు, వేళ్ళ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. రెండు చేతుల వేళ్ళు నాలుగుసార్లు అయిపోయాయి. మేము రాసుకున్నాం. అందులో కొన్ని మాకు తెలుసు. ఇంకొన్నిటికి అవ్వ ఆకు ఎంత ఉంటుందో చేత్తో చూపింది. ఏడింటికి మాత్రం, చూస్తే గాని చెప్పలేను, ఒకసారి అక్కడికి తీసకపొండి అంది. ఆ ఏడు పేర్ల ఎదురుగా మా నోటు పుస్తకంలో ఇంకా ఖాళీ ఉంది. ఆ రోజు ప్రశ్న అడిగిన పిల్ల మా పక్కనే కూర్చుని, ఆ పేర్లు తన చేతి మీద పెన్నుతో రాసుకుంటూ ఉంది.