నీలం స్క్రీన్ వెనుక ఉన్న కంపెనీ: బోర్లాండ్ అమ్మకం, డెల్ఫీ మళ్ళీ లేచిన కథ

ఈసారి కొంచెం పొడుగుగానే రాస్తున్నాము. తీరిక దొరికినప్పుడు చదవండి.

మన ఇళ్ళలో 1990ల నుంచి ఇంజనీరింగో బి.సి.ఏ.నో చదివిన పిల్లలను అడిగి చూడండి. నీలం రంగు స్క్రీన్, దాని మీద పసుపు అక్షరాలు, టర్బో సి ప్లస్ ప్లస్ అంటారు. ప్రాక్టికల్ పరీక్ష అంతా దానిలోనే. కొత్త విండోస్‌లో ఆ పాత ప్రోగ్రామ్ నేరుగా ఆడకపోతే డాస్‌బాక్స్ అని ఒక తొడుగు వేసి మరీ నడిపించినారు మన దేశపు కాలేజీలు. కాని దాన్ని చేసిన కంపెనీ ఏమైందని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. దాని పేరు బోర్లాండ్. మేము రైల్వేలో గుమాస్తాగా రిటైర్ అయినవాళ్ళము, ఇంజనీర్లము కాము. కాబట్టి ఎవరు కొన్నారు, ఎంతకు అమ్మినారు, ఏమి చేతులు మారింది అన్న లెక్క మీదనే మా చూపు.

కంపైలర్ అంటే ఏమో తెలియని పెద్దలకు ఒక మాట. మనిషి రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రానికి అర్థమయ్యే మాదిరి మార్చి ఇచ్చే సాధనం అది. వడ్రంగికి రంపం, ఉలి ఎట్లనో ప్రోగ్రామ్ రాసేవానికి అది అట్ల. తేడా ఒకటి ఉంది. ఉలి చేసిన కంపెనీ మూతపడినా ఉలి తెగుతూనే ఉంటుంది. కంపైలర్ చేసిన కంపెనీ చేయి వదిలితే, కంప్యూటర్లు మారేకొద్దీ వాడు ఇరవై ఏండ్లుగా రాసుకున్నదంతా మెల్లగా పనికిరాకుండా పోతుంది. ఆసుపత్రి బిల్లు, ఫ్యాక్టరీ జీతాల లెక్క, అంగడి స్టాకు, అన్నీ దాని మీదనే నిలబడి ఉంటాయి.

ఇక కథకు వస్తాము. 1983లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రం స్కాట్స్ వ్యాలీలో ఈ కంపెనీ మొదలైంది. నడిపినవాడు ఫిలిప్ కాన్, ఫ్రాన్స్ దేశస్థుడు, గణితం చదివినవాడు. ఆయనతో కలిసినవాళ్ళు ముగ్గురు డెన్మార్క్‌వాళ్ళు. అసలు సరుకు తయారు చేసినవాడు కూడా డెన్మార్క్ పిల్లవాడే, అండర్స్ హెల్స్‌బర్గ్. ఆయన రాసిన పాస్కల్ కంపైలర్‌ను టర్బో పాస్కల్ అని పేరు పెట్టి 49 డాలర్ల 95 సెంట్లకు పోస్టులో పంపి అమ్మినారు. అప్పట్లో ఇట్లాంటి కంపైలర్లు వందల డాలర్లు ఉండినాయి. రాయడానికి ఎడిటర్, మార్చడానికి కంపైలర్, రెండూ ఒకే ప్రోగ్రామ్‌లో, అంతా కలిపి 40 కిలోబైట్ల లోపే. ఇప్పుడు మన ఫోనులో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ బొమ్మ దానికన్నా పెద్దది.

ప్రకటన వేయడానికి చేతిలో డబ్బు లేదు. కాన్ తానే చెప్పుకున్న కథ ఇది. బైట్ పత్రిక మనిషి వచ్చే రోజున ఆఫీసు బాగా హడావుడిగా ఉన్నట్టు కనబడేదానికి మనుషులను పెట్టి, ప్రకటనలు ఇచ్చే పత్రికల పట్టికలో బైట్ పేరు కొట్టేసి వాని కంట పడేట్టు ఉంచినారంట. అతను బతిమాలి అప్పు మీద ప్రకటన వేసుకున్నాడంట. అది చూసి వచ్చిన ఆర్డర్లతో కంపెనీ నిలబడింది. లైసెన్స్ కాగితం కూడా అట్లనే సులువుగా రాసినారు. దీన్ని ఒక పుస్తకం మాదిరి చూసుకోండి, ఎవరైనా వాడవచ్చు, ఏ కంప్యూటర్‌కైనా మార్చుకోవచ్చు, ఒకే సమయంలో ఇద్దరు రెండు చోట్ల వాడకూడదు, అంతే.

చెడింది ఎక్కడంటే, మా లెక్కలో, 1991లో. డిబేస్ అనే ప్రోగ్రామ్ కోసం యాష్టన్ టేట్ అనే కంపెనీని 43 కోట్ల 90 లక్షల డాలర్ల విలువైన షేర్లు ఇచ్చి కొన్నారు. బోర్లాండ్ దగ్గర అప్పటికే పారడాక్స్ అని తన సొంత డేటాబేస్ ఉండింది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. ఇంకొక పక్క మెనూలు కాపీ కొట్టినారని లోటస్ కంపెనీ వేసిన కేసు 1990లో మొదలై 1996 వరకు సాగింది. అమెరికా సుప్రీం కోర్టులో నలుగురు ఇటు, నలుగురు అటు అయి, కింది కోర్టు తీర్పు ప్రకారం బోర్లాండే గెలిచింది. కాని ఆలోగా, 1994లో, ఆ కేసు నడుస్తున్న క్వాట్రో ప్రోను నోవెల్‌కు అమ్మేసినారు. 1995 మొదట్లో కాన్ కూడా పదవి దిగినాడు.

అదే ఏడాది ఫిబ్రవరి 14న డెల్ఫీ వచ్చింది. స్క్రీన్ మీద బటన్లు, పెట్టెలు లాగి పెట్టుకుని, వాటి వెనుక పాస్కల్‌లో పని రాసుకోవచ్చు. చేతికి వచ్చేది ఒకే ఒక్క వేగమైన ఫైలు. పేరులో ఒక చమత్కారం ఉంది. పాత గ్రీకు దేశంలో డెల్ఫీ గుడిలో భవిష్యత్తు పలికే దేవవాక్కును ఆరకిల్ అంటారు. ఆరకిల్ డేటాబేస్‌తో మాట్లాడాలంటే డెల్ఫీకి పోవాలి అని! టోటల్ కమాండర్, ఇన్నో సెటప్, మొదటి కాలపు స్కైప్ విండోస్ ప్రోగ్రామ్, ఇవన్నీ డెల్ఫీలో చేసినవే.

1996లో హెల్స్‌బర్గ్ మైక్రోసాఫ్ట్‌కు పోయినాడు. 30 నెలల్లో మా మనుషులు 34 మందిని లాగుకున్నారని 1997లో బోర్లాండ్ కేసు వేసింది, తరువాత రాజీ అయింది. పోయినవాడు ఊరికే కూర్చోలేదు, అక్కడ సి షార్ప్ చేసినాడు, ఆ పైన టైప్‌స్క్రిప్ట్ చేసినాడు.

ఆ తరువాతి దశను చదివితే మాకు కోపమే వస్తుంది. 1998లో బోర్లాండ్ అన్న పేరే తీసేసి ఇన్‌ప్రైజ్ అని పెట్టుకున్నారు. పెద్ద పెద్ద సంస్థలకు అమ్ముతాము, చిన్న ప్రోగ్రామర్లతో ఏమి లాభం అన్న ధోరణి. 2000లో కోరెల్‌తో కలుస్తామని చెప్పి కొన్ని నెలల్లోనే మానుకున్నారు. 2001లో మళ్ళీ పాత పేరే పెట్టుకున్నారు. లైనక్స్ కోసం కైలిక్స్ అని తెచ్చి మూడు వెర్షన్లకే వదిలేసినారు. డెల్ఫీ 8ని మైక్రోసాఫ్ట్ డాట్ నెట్‌కు మాత్రమే చేసినారు, పాత విండోస్ ప్రోగ్రామ్‌లకు అది ఉపయోగపడలేదు. డెల్ఫీ 2005 నిండా తప్పులు. ఇల్లు గడిపిన ఆవును కొట్టంలో మేత లేకుండా కట్టేసినట్టు.

2006 ఫిబ్రవరిలో ప్రకటన వచ్చింది. డెల్ఫీ, సి ప్లస్ ప్లస్ బిల్డర్, జెబిల్డర్, అన్ని ప్రోగ్రామింగ్ సాధనాలను అమ్మేస్తాము, కొనేవాళ్ళు కావాలి అని. అదే ప్రకటనలో సెగ్యూ అనే టెస్టింగ్ కంపెనీని సుమారు 10 కోట్ల డాలర్లకు కొంటున్నామని కూడా చెప్పినారు. నెలలు గడిచినాయి, తగిన బేరం కుదరలేదు. ఆ నెలల్లో డెల్ఫీ వాడేవాళ్ళ గతి తలచుకోండి. కొత్త పని మొదలుపెట్టాలంటే భయం, వేరే సాధనానికి మారాలంటే లక్షల లైన్లు తిరగరాయాలి. నవంబర్‌లో కోడ్‌గేర్ అని పిల్ల కంపెనీగా వేరు చేసినారు. చివరకు 2008లో ఎంబార్కడెరో అనే డేటాబేస్ సాధనాల కంపెనీ దాన్ని కొనింది. ధర సుమారు 2 కోట్ల 30 లక్షల డాలర్లు. యాష్టన్ టేట్‌కు పోసినదానిలో 19వ వంతు! మరుసటి ఏడాది, 2009లో, మిగిలిన బోర్లాండ్‌ను మైక్రో ఫోకస్ మింగేసింది. బరువు అని దింపేసిన పెట్టె ముందుకు పోయింది, దింపిన ఇంజన్ షెడ్డుకు చేరింది.

చేతులు మారింది పేరు, సోర్స్ కోడ్ మాత్రమే కాదు. పనిచేసే మనుషులు, వాడేవాళ్ళ నమ్మకం, అదీ మారింది. బోర్లాండ్‌కు అది పక్క వ్యాపారం. ఎంబార్కడెరోకు సాధనాలు అమ్మడమే కూడు. ఆ తేడా వెంటనే కనబడింది. కొన్న కొన్ని వారాలకే, 2008 ఆగస్టులో, డెల్ఫీ 2009 విడుదలైంది. దానిలో యూనికోడ్ వచ్చింది. పని కోడ్‌గేర్‌లోనే మొదలై ఉండినది, నిజమే. ముగించి బయటికి తెచ్చినది కొత్త యజమాని.

ఇక్కడ మనకు సంబంధించిన విషయం ఒకటి ఉంది. దానికి మునుపు డెల్ఫీలో మామూలు అక్షరం అంటే ఒక బైటు. ఇంగ్లీషుకు, యూరోపు భాషలకు సరిపోతుంది. తెలుగుకు, తమిళానికి విండోస్‌లో ఆ పాత పద్ధతి కోడ్ పట్టికే లేదు. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంటులతో ఏదో నెట్టుకురావాలి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అంతా పిచ్చి గీతలే. డెల్ఫీ 2009తో బటన్ మీద నేరుగా తెలుగు రాయవచ్చు. మేము తమిళ మీడియంలో చదివి తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళము కదా, దీని విలువ మాకు బాగానే తెలుసు.

కాని ఊరికే రాలేదు. మీటర్ గేజ్ లైనును బ్రాడ్ గేజ్ చేసిన మాదిరి పని అది. పట్టాలు మార్చితే చాలదు, ప్లాట్‌ఫారం, పాయింట్లు, వంతెనలు అన్నీ సరిచూడాలి. ఒక అక్షరం ఒక బైటు అని నమ్మి రాసిన పాత కోడ్ అంతా తిరిగి సరిదిద్దుకోవలసి వచ్చింది. కొందరు ఏండ్ల తరబడి డెల్ఫీ 7 మీదనే ఉండిపోయినారు.

తరువాతిది త్వరగా చెప్తాము. 2011లో 64 బిట్ విండోస్, మ్యాక్ వచ్చినాయి. 2013లో ఐఫోన్, ఆండ్రాయిడ్. 2015లో ఎంబార్కడెరోనే ఐడెరా అనే కంపెనీ కొనింది. 2017లో లైనక్స్ సర్వర్లకు కూడా వచ్చింది. 2018లో కమ్యూనిటీ ఎడిషన్ అని ఉచితంగా ఇచ్చినారు, సంపాదన ఏడాదికి 5,000 డాలర్లు దాటనివాళ్ళకు. అంతకు మించితే వెయ్యి డాలర్లకు పైనే పెట్టి కొనాలి. 49 డాలర్లతో పుట్టిన సరుకుకు ఈ ధర మాకు నచ్చలేదు. విసిగిపోయి వెళ్ళినవాళ్ళూ చాలామంది, వాళ్ళలో కొందరు ఫ్రీ పాస్కల్, లాజరస్ అనే ఉచిత సాధనాలకు పోయినారు. వాడుక 1990లలో ఉన్నంత లేదు. అయినా 2025 ఫిబ్రవరికి డెల్ఫీకి 30 ఏండ్లు నిండినాయి, ఇంకా కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి.

మన సంఘంలో ఎవరి అంగట్లోనైనా, ఫ్యాక్టరీలోనైనా పాత డెల్ఫీలో చేయించుకున్న ప్రోగ్రామ్ ఇంకా నడుస్తూ ఉంటే, రాసిచ్చినవాని దగ్గర సోర్స్ ఫైళ్ళు అడిగి తీసి పెట్టుకోండి. ఆ ఫైళ్ళు ఉంటే కొత్త వెర్షన్‌కు మార్చవచ్చు, లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. కాలేజీలో టర్బోతో తంటాలు పడిన పిల్లలు ఎవరైనా మీ అనుభవం కింద రాయండి, అందరమూ చదువుతాము.