రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (ఆర్ భాష)

పాఠ్యంలో కావలసిన అక్షరక్రమాన్ని వెతకడానికి వ్రాసే సూత్రాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. ఈ భావనను 1950వ దశకంలో అమెరికా గణిత శాస్త్రవేత్త స్టీఫెన్ క్లేనీ ప్రతిపాదించాడు. గణాంక శాస్త్రంలో వాడే ఆర్ అనే ప్రోగ్రామింగు భాషలో కూడా ఈ సౌకర్యం ఉంది. గుర్తులన్నీ ఒకే వరుసలో ఉండడం వలన పెద్ద సూత్రాన్ని చదవడం, అందులోని దోషాన్ని కనిపెట్టడం కష్టం.

== తెలుగులో సమస్య ==
ఉదాహరణకు శ్రీ సత్యసాయి జిల్లాలోని (2022 వరకు అనంతపురం జిల్లా) మండల కేంద్రమైన తాడిమర్రి పేరును తీసుకుందాం. చూపుకు 4 అక్షరాలే అయినా యూనీకోడ్‌లో ఇవి 9 సంకేతాలు: 5 హల్లులు, 3 గుణింతపు గుర్తులు, 1 పొల్లు. [అ-హ] అనే సూత్రానికి హల్లులు మాత్రమే దొరుకుతాయి. మిగిలిన గుర్తులు యూనీకోడ్ వరుసలో 'హ' తరువాత ఉండడమే ఇందుకు కారణం.

== పరిష్కారం ==
సూత్రాన్ని చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగానికి పేరు పెట్టాలి. హల్లు, పొల్లు, గుణింతం అనే మూడు భాగాలను ముందుగా నిర్వచించి, పేస్ట్0 ప్రమేయంతో ఈ క్రమంలో కలపవచ్చు:

హల్లు (పొల్లు హల్లు)* గుణింతం?

ఇక్కడ * గుర్తుకు ముందున్న భాగం ఎన్నిసార్లయినా రావచ్చు, అసలు రాకపోవచ్చు. ? గుర్తుకు ముందున్నది ఒకసారి రావచ్చు, రాకపోవచ్చు. తా, డి, మ, ర్రి నాలుగూ ఈ సూత్రానికి సరిపోతాయి. అచ్చులు, సున్న కావాలంటే వాటికి వేరే పేర్లు చేర్చాలి. పాత నిర్వచనాలను మార్చనక్కరలేదు. రీబస్, రెక్స్ అనే ఆర్ ప్యాకేజీలు ఈ పద్ధతికి తోడ్పడతాయి.